రెండో పాటకు కుడిచెయ్యి

పోయినేడు ఆగస్టు రెండో గురువారం, మధ్యాహ్నం మూడూ పది. గోడ గడియారం చూసే చెబుతున్నాను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మాది గోదావరి మీద వేట చేసుకునే కుటుంబం. మునిగిపోయినవాళ్లను మా నాన్న, మా ఆయన ఎన్నోసార్లు ఒడ్డుకు తెచ్చారు. ఒక్కరూ లేచి మాట్లాడలేదు.

పాలకొల్లులో రూతు టీచర్ గారింట్లో పదిహేనేళ్లుగా వంట చేస్తున్నాను. యాభై ఎనిమిదో ఏట నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆవిడకో పియానో ఉంది. మా వైపు చెమ్మకి చెక్క ఉబ్బి, వేళ్లతో నొక్కే మెట్లు బిగుసుకుపోతాయని, వానాకాలమంతా దాని లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచేవాళ్లం. అది చూసుకోవడం నా పని.

రోజూ మధ్యాహ్నం ఆవిడ రెండు పాటలు వాయించేవారు. నాక్టర్న్‌లు అంటారట. రెండొందల ఏళ్ల కిందట ఎవరో దూరదేశపాయన రాత్రిని తలుచుకుని కట్టాడట. మాటలుండవు. రెండూ జంట, ఒకటి వాయించి రెండోది వదలకూడదనేవారు. మొదటిదానికి నాకు నిద్ర వచ్చేది. రెండోదానిలో కుడిచెయ్యి కుడి కొసనున్న పైమెట్ల మీద చినుకుల్లా పరిగెత్తేది. అది నాకు నచ్చేది కాదు. ఆ మాట ఆవిడతోనే అన్నాను.

పోయినేడు వేసవిలో పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచెయ్యి పడిపోయింది. పియానో చూసినప్పుడల్లా అమ్మ ఏడుస్తోందని, చర్చికి ఇచ్చేద్దామంది కూతురు ప్రమీల. ఆగస్టు దాకా చూద్దాం, చెయ్యి కదిలితే ఉంచుదామని ఒప్పందం. కదల్లేదు. ఇక పోయేదే కదా అని ముందే బల్బు తీసేశాను. అది నా తప్పు.

ఆ రోజు ట్రాలీ ఆటో వచ్చింది. కరెంటు లేదు. ప్రమీల వీధి అరుగు మీద డ్రైవరు సత్తిబాబుతో తాళ్ల సంగతి మాట్లాడుతోంది. నేను వంటింట్లో చేప తోముతున్నాను. టీచర్ గారు ఎడమచేత్తో మొదటి పాట వాయించారు. సగం పాట, బోసిగా. తర్వాత రెండోది వచ్చింది. పూర్తిగా. పైమెట్ల పరుగుతో సహా.

చేతులు కడుక్కోకుండానే వెళ్లి ఎడమవైపు గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ కుడిచెయ్యి ఒళ్లో, నేను పొద్దున కప్పిన తువ్వాలు కిందే ఉంది. పైమెట్లు ఆవిడ భుజం చాటున పడ్డాయి. దిగుతున్నాయో లేదో కనపడలేదు. రెండడుగులు వేస్తే కనపడేవి. వెయ్యలేదు. ఎందుకో తెలీదు.

పాట అయ్యాక తల తిప్పి, "బంగారమ్మా, నా చెయ్యి కదిలింది కదూ?" అన్నారు.

ఆ మొహం చూస్తే అవునని అనాలనిపించింది. నా నోటికి అది రాలేదు.

"లేదండీ. చెయ్యి ఒళ్లోనే ఉందండీ. పాట మాత్రం రెండు చేతులదేనండీ."

ఆవిడ ఏడవలేదు. ఎడమచేత్తో తువ్వాలు సర్దుకున్నారు.

వీధిలో సత్తిబాబు గొంతు వినపడింది. "అమ్మగారు ఇంత బాగా వాయిస్తుంటే పట్టుకుపోమంటారేంటండీ?"

ప్రమీల ట్రాలీని వెనక్కి పంపేసింది.

మర్నాడు తుడుస్తూ పైమెట్లు నొక్కి చూశాను. చెమ్మకి బిగుసుకుపోయాయి. ఒక్కటీ పలకలేదు. బల్బు మళ్లీ పెడితే పది రోజులకి వదులయ్యాయి.

చెయ్యి ఇప్పటికీ కదల్లేదు. పియానో ఇంట్లోనే ఉంది. ఆవిడ రోజూ రెండోది ఎడమచేత్తో మొదలుపెట్టి, కాస్త వాయించి, ఆగి వింటారు. తర్వాత నా వంక చూస్తారు.

ఆ మధ్యాహ్నం అక్కడ ఉన్నది రూతు టీచర్ గారు, ప్రమీల, సత్తిబాబు, బంగారమ్మ అనే నేను. మాలో పియానో వాయించడం తెలిసింది ఒక్కరికే.