ముళ్ళపూల మామయ్య

ఆ రోజుల్లో కొత్తకోడలికి అత్తగారింట్లో సొంతమనేవి రెండే ఉండేవి: భయమూ, తలలో పువ్వూ. తల్లాడ దగ్గరి మా ఊరి నుంచి చర్ల అడవి అంచుకు కాపురానికి వచ్చిన నాకు మొదటిది కావలసినంత దొరికింది, రెండోదానికే కరువు. ఆ ఎండాకాలం బావి అడుగంటింది. పూలచెట్టుకని చెంబెడు నీళ్ళడిగితే మా అత్తమ్మ చెంబు వైపొకసారి, నా తల వైపొకసారి చూసి ఊరుకుంది. (తిడితే బాగుండేది. ఆమె ఊరుకుంటేనే నాకు భయం.) అలాంటప్పుడు బాట పక్కన, గడ్డి కూడా మాడిపోయిన గట్టుమీద, ఒళ్ళంతా ముళ్ళతో, పసుపుపచ్చని పూలతో బలురక్కసి చెట్లు కనిపించాయి. ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూస్తున్న చెట్టు. మా ఇంటికి ఇదే తగిన చెట్టనుకున్నాను.

ఒకటి పీకి తెచ్చి పెరట్లో నాటి, అంట్లు కడిగిన నీళ్ళు దొంగచాటుగా పోశాను. మూడోరోజుకు చచ్చింది. ఇంకొకటి తెచ్చాను, అదీ అంతే. మా మిరపచేనికి కూలికొచ్చే ఒక పెద్దామె నా అవస్థ చూసి నవ్వి, దాని వేరు నిలువునా లోపలికి దిగుతుందనీ, తెగితే బతకదనీ, గింజలు చల్లి చలికాలం దాకా మరిచిపోవాలనీ చెప్పింది. సరేనని ఎండిన కాయలు దులిపి రెండు మూటలు కట్టాను. అచ్చం ఆవాల్లాగే ఉన్నాయి. కొంగున ఉన్న మూటను అత్తమ్మ పట్టేసుకుంది. పోపుల డబ్బాలో పడితే ఇంటిల్లిపాదీ కాళ్ళు వాచి చస్తామని, మూట తీసుకుని బయటికి నడిచింది. ఎక్కడ పారేసిందో నేను చూడలేదు. రెండోది నా నడుము దగ్గర భద్రంగా ఉంది.

వానలు పడ్డాక మిరపచేనికి దిష్టిబొమ్మ చేసే పని నాకు అప్పగించారు. అంతకు ముందటేడే పోయిన మా మామయ్య చారల అంగీలో గడ్డి కూరుతుంటే వెనక అత్తమ్మ అడుగుల చప్పుడైంది. ఈ మూట కూడా పట్టేసుకుంటుందని, నడుము దగ్గరి గింజలు విప్పి అంగీ మెడలోంచి లోపల వంపేసి, ఏమీ ఎరగనట్టు బొమ్మ భుజాలు పట్టుకుని బాగా కుదిపాను. తలకు కుండ, దానికి సున్నంతో రెండు కళ్ళు, నిలబడడానికి ఒకటే కర్ర. చేను మూల బీడులో పాతారు. దసరా ముందు గాలివానకు బొమ్మ వెల్లకిలా పడిపోయింది. లేపుతాలే అని మా ఆయన నెలరోజులు అని, తర్వాత అనడం కూడా మానేశారు. గింజల సంగతి నేనూ మరిచిపోయాను.

మిరపకాయలు ఏరే రోజులొచ్చాయి. మంచు ఇంకా విడవని పొద్దున, ముందు నడుస్తున్న పెద్దామె ఆగిపోయింది.

"అమ్మా, మీ చేన్ల ఎవరో పండుకున్నరు."

చేతులు బారజాపి, కాళ్ళు చాచి, నిలువెత్తు మనిషి. ఒళ్ళంతా తెల్లని ఈనెల ముళ్ళాకులు, గుండెమీద పసుపుపచ్చని పూలు. తల దగ్గర కుండ. సున్నపు కళ్ళు వానకు కరిగి చెంపలమీదికి కారాయి. కూలీలు గంపలు అక్కడే దించి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు.

మూడు రోజులు చేన్లో ఎవరూ అడుగుపెట్టలేదు. పండిన కాయ రాలిపోతోంది. ఏడాది కష్టం నా గుప్పెడు గింజల వల్ల మట్టిపాలు కాబోతోంది. చెబితే నన్ను బస్సెక్కించి పుట్టింటికి పంపేస్తారేమో, చెప్పకపోతే పంట పోతుంది. అత్తమ్మ మాత్రం రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆ మనిషి పక్కన కూర్చునేది. చిన్నగా ఏదో మాట్లాడేది, మధ్యలో ఆగేది, ఎవరో జవాబు చెబుతున్నట్టు తలూపేది. అది చూశాక ఆ చెట్లు కోసి పారేద్దామనుకున్నాను.

నాలుగో రోజు ఆమె కంటే ముందే కొడవలి పట్టుకుని వెళ్ళాను. గాలి లేదు, పిట్ట కూత లేదు. భుజం దగ్గర ఒక కొమ్మ కోశాను. పసుపుపచ్చని పాలు కారి నా వేళ్ళకు అంటుకున్నాయి. పారిపోదామని తిరిగితే వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకున్నారు. కళ్ళు మూసుకుని, "మామయ్యా, గింజలు నేనే పోశాను, వదిలెయ్యండి" అన్నాను. (అప్పుడు కూడా తలమీద కొంగు సర్దుకున్నాను. మామగారి ముందు మరి.)

"ముల్లు పట్టిందే పిల్లా. మీ మామ గాదు."

అత్తమ్మ. వంగి ఒక్కొక్క ముల్లు నుంచీ నా కొంగు విడిపిస్తోంది. "నాకు తెల్వదనుకున్నవా? బతికినన్నొద్దులు ఒక్క పువ్వు తెచ్చినోడు గాదు. సచ్చినంక గిన్ని తెస్తడా?"

గుండె కుదుటపడి నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. అంగీ నడుము దాకే. కింద ఒకటే కర్ర.

"అత్తమ్మా, నేను అంగీలోనే పోశాను. మరి ఈ కాళ్ళు?"

ఆమె నా వైపు చూడలేదు. చివరి ముల్లు విడిపించి కొంగు నా చేతికిచ్చింది.

"కాళ్ళు లేకుంటే ఎట్ల వస్తడే."

మర్నాడు ఆమే కూలీల దగ్గరికి వెళ్ళి, పడుకున్నది తన ఇంటాయనేననీ, కావలి ఉన్నాడనీ, ముళ్ళు తప్ప ఇంకేమీ చెయ్యడనీ చెప్పి పిలుచుకొచ్చింది. పెద్దామె ఆ మూలకు ఒక దండం పెట్టి గంప ఎత్తుకుంది. పంట దక్కింది. ఆ చెట్లను మాత్రం వాటంతటవి ఎండిపోయేదాకా ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు నాకు ఆమె వయసొచ్చింది. మా ఆయన పోయి మూడేళ్ళయింది. కోడలు పైపుతో గులాబీలకు నీళ్ళు పడుతుంటే, గోడవార బీడుజాగా వైపు పట్టొద్దని, అక్కడ ఏది మొలిచినా పీకొద్దని చెప్పాను. ఎందుకత్తయ్యా అంటుంది. పూలకమ్మా అంటాను. ముళ్ళచెట్టు పూలు పెట్టుకునే అత్తను చూసి నవ్వుకుంటుంది, నాకూ నవ్వొస్తుంది. (కాళ్ళకని విడిగా గింజలు చల్లిన సంగతి ఇంకా చెప్పలేదు. ఈ చలికాలానికి అవి కూడా మొలవాలి.)