రొయ్యలకూ గెనుసుగడ్డలకూ జరిగిన పరీక్ష

నా చిన్నప్పుడు మొదలుకొని జుట్టు నెరిసిన ఈ రోజు వరకు, ఎక్కడ ఉన్నా నా ముందున్న పళ్ళేన్ని ఖాళీగా ఉండనివ్వని దేవునికి స్తోత్రం. సముద్రం అడుగున పాకే జీవికి పెంకునిచ్చి, నేల అడుగున ఊరే దుంపకు తొక్కనిచ్చి, రెండింటిలోనూ మనకోసం బలాన్ని దాచిపెట్టిన ఆయన చేతిపనికి స్తోత్రం. రొయ్యలనూ దుంపలనూ తలచుకుని స్తోత్రం చెప్పేవాళ్ళు అరుదు. నేను చెబుతాను. ఎందుకో తెలియాలంటే మీరు నాతో అరబ్బు దేశపు రేవు పట్టణం సలాలాకు రావాలి.

మా నాన్న సలాలా పోర్టులో క్రేన్ మెకానిక్. మా ఇంటి వెనక కొబ్బరితోట ఉండేది. శుక్రవారం ఉదయం సోఫాను గోడకు జరిపి, చాపలు పరిస్తే మా హాలే ప్రార్థన మందిరం. ఆరాధన అయ్యాక ఎవరు తెచ్చిన వంట వాళ్ళు మూత తీసేవారు. అందరం కలిసి తినేవాళ్ళం. సంఘాన్ని నడిపించేది పెద్దయ్య. మాకు చుట్టం కాదు, వయసులో పెద్దవాడు కాబట్టి అందరికీ పెద్దయ్యే. ఆయన భోజన ప్రార్థన మొదలుపెడితే ఆదాము దగ్గర బయలుదేరేవారనీ, సలాలా చేరేసరికి అన్నం చల్లారిపోయేదనీ మా అమ్మ నవ్వేది.

ఆ సంఘంలో ఇద్దరు స్త్రీలు ఉండేవారు. ఒకరిని గోదావరి పిన్ని అనేదాన్ని, ఇంకొకరిని కడప అత్త అనేదాన్ని. ఇద్దరూ అరబ్బుల ఇళ్ళల్లో వంటపని చేసేవారు. పాటలు పాడేటప్పుడు ఒకే పుస్తకం పట్టుకుని పాడేవారు. ఒకరికి జ్వరమొస్తే మరొకరు ఉపవాసం ఉండేవారు. తిండి మాట వస్తే మాత్రం ఇద్దరి మధ్యా ఎర్రసముద్రం చీలిపోయేది. పిన్నికి రొయ్యలూ పీతలూ లేనిది భోజనమే కాదు. అత్తకు గడ్డలే ప్రాణం. చేమగడ్డ, కంద, గెనుసుగడ్డ, మన్నులో పుట్టి మన్నులో పెరిగినదేదైనా ఆమెకు ఇష్టమే. గెనుసుగడ్డ అంటే చిలగడదుంపే. ఆ పేరు కూడా నేను ఆమె నోటే విన్నాను.

ఇలా ఉండగా పక్కింటి అక్కకు తొలికాన్పు అయింది. పురిటికి రావలసిన తల్లికి వీసా రాలేదు. భర్త ఎక్కడో ఎడారి సైట్‌లో ఉండి వారాంతానికి వచ్చేవాడు. తల్లి లేని లోటు తీర్చడానికి పిన్నీ, అత్తా ఇద్దరూ పూనుకున్నారు. కష్టాలు అక్కడే మొదలయ్యాయి. బాలింతకు దుంపలు పెడితే వాతం చేస్తుందనీ, బిడ్డకు కడుపుబ్బరమనీ పిన్ని చెప్పి, తినను అని అక్క దగ్గర మాట తీసుకుంది. రొయ్యలు ఉడుకు చేస్తాయనీ, బిడ్డ ఒళ్ళంతా పొక్కులేననీ అత్త చెప్పి, ఆమె కూడా మాట తీసుకుంది. అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరికీ మాటిచ్చి, వెల్లుల్లి కారం కలుపుకున్న అన్నం రెండు ముద్దలు తిని లేచేది. ముఖం పాలిపోయింది, పాలు తగ్గాయి. బిడ్డ ఏడుపు గోడ దాటి మా వంటింట్లోకి వినిపించేది. ఆ ఏడుపు వింటూ మా అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయేది.

ఆసుపత్రిలో మలయాళీ నర్సు మందులు రాయించి, కోప్పడి మరీ చెప్పిందట. రొయ్యల్లో కండకూ రక్తానికీ కావలసింది ఉంది, దుంపల్లో ఒంటికి సత్తువా కళ్ళకు మేలూ ఉన్నాయి, ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు, పడితే రెండూ తినమంది. పిన్నీ అత్తా శ్రద్ధగా విన్నారు. పిన్ని మొదటి సగం గుర్తుపెట్టుకుంది, అత్త రెండో సగం.

ఆ శుక్రవారం ఆరాధన ముగియగానే వాదన వాక్యంలోకి ఎక్కింది. బబులోను రాజుగారి మాంసం వద్దని కూరలు తిన్న యువకుల ముఖాలు ఎంత కళగా ఉన్నాయో అత్త గుర్తుచేసింది. ప్రభువు తిరిగిలేచాక ఒడ్డున నిప్పుల మీద కాల్చి పెట్టింది గెనుసుగడ్డ కాదు, చేప అని పిన్ని అందుకుంది.

"చేపకు పొలుసులుండాయి వదినా. నీ రొయ్యకు యాడుండాయి? పాత నిబంధన ప్రకారం అది పురుగే."

"పేతురు గారికి ఆకాశం నుంచి దుప్పటి దిగింది మర్చిపోయావేంటి? అన్నీ తినమన్నాడు దేవుడు. ఆ దుప్పట్లో రొయ్యలూ ఉండే ఉంటాయి."

"నువ్వు పోయి చూసినావా?"

"నువ్వు బబులోను ఎల్లొచ్చావా?"

గోడవారన కుర్చీలో బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న అక్క కళ్ళు తుడుచుకుంది. అది పెద్దయ్య చూశారు. గొంతు సవరించుకుని, సరే, బబులోను పరీక్షే పెడదాం అన్నారు. ఒకరు వారమంతా పిన్ని రొయ్యలు తినాలి, ఒకరు అత్త గడ్డలు తినాలి, వచ్చే శుక్రవారం సంఘం ముందు ముఖాలు పోల్చి చూడాలి. గెలిచిన కూరే బాలింతకు. అంతదాకా అక్కకు పప్పూ గుడ్లూ రాగిజావా మా అమ్మ దగ్గరుండి పెట్టాలి. కాదన్నవాళ్ళు తనతో మాట్లాడాలి.

పరీక్షకు ఆయన వెనక వరసలో ఉన్న ఇద్దరు అన్నలను ఎంచారు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి, ఇద్దరూ ఉత్తర తెలంగాణ నుంచి వచ్చి, కట్టడాల పని చేసేవారు. వాళ్ళు విశ్వాసులు కారు. శుక్రవారం మా వీధిలో నడుస్తూ కూరల వాసనకు ఆగినవాళ్ళను నాన్న లోపలికి పిలిచాడు, అప్పటి నుంచి వస్తున్నారు. పరీక్ష అనగానే ఇద్దరి ముఖాల్లో ఎంత భక్తి కనిపించిందో నాకిప్పటికీ గుర్తే. తీర్పు చెప్పే పని నాకు అప్పగించారు. పెద్దవాళ్ళందరూ ఏదో ఒక పక్షం చేరిపోయారు మరి.

ఆ వారమంతా ఆ అన్నల సైట్ బస్సు సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ముందు పిన్ని పనిచేసే ఇంటి ముందు, తర్వాత అత్త పనిచేసే ఇంటి ముందు ఆగేది. పొడుగన్నకు రొయ్యల ఇగురో పీతల పులుసో, పొట్టన్నకు చేమగడ్డ వేపుడో గెనుసుగడ్డ కూరో అందేది. నాకు మాత్రం తిండి సయించలేదు. నేను తప్పు చెబితే అక్కకు తప్పు కూర వెళుతుంది, బిడ్డ ఏడుస్తూనే ఉంటుంది. తీర్పు చెప్పే జ్ఞానం కావాలని సొలొమోను లాగా మోకాళ్ళ మీద అడిగాను. ఆయన అడిగింది రాజ్యం కోసం, నేను అడిగింది రొయ్యల కోసం. దేవుడు తేడా చూడడని అమ్మ చెప్పింది.

శుక్రవారం వచ్చింది. ఇద్దరన్నలూ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని సంఘం ముందు నిలబడ్డారు. నన్ను స్టూల్ ఎక్కించారు. పొడుగన్న ముఖం చూశాను. బుగ్గలు నిండాయి, కళ్ళు మెరుస్తున్నాయి. హమ్మయ్య, రొయ్యలే అనుకున్నాను. పొట్టన్న వైపు తిరిగాను. బుగ్గలు నిండాయి, కళ్ళు మెరుస్తున్నాయి. మళ్ళీ ఇటు చూశాను, మళ్ళీ అటు చూశాను.

"బాగా చూడవే తల్లీ, నా పొడుగోడి నిగారింపు చూడు!" అని పిన్ని.

"ఈ పిల్లోని ముఖం చూడు పాపా, చంద్రుడు మాదిరి ల్యా?" అని అత్త.

నాకు ఏడుపొచ్చేసింది. ఇద్దరూ ఒకేలా ఉన్నారు అని అరిచాను. అప్పుడు పొడుగన్న తల గోక్కుంటూ నోరు విప్పాడు.

"పిల్లనెందుకు తిప్పలవెడ్తరు అక్కా? రూమ్‌ల మాకు ఒకటే తాంబాలం. రెండు క్యారియర్లు అండ్లనే బోర్లించి కలుపుకొని తిన్నం. ఎవనిది వాడు మూల కూసొని తింటే దాన్ని రూమ్ అంటరా?"

"మరి పరీచ్చ?" అంది పిన్ని, నోరు తెరిచి.

"మస్తున్నది అక్కా. ఇంకో వారం పెట్టుండ్రి" అన్నాడు పొట్టన్న. "రొయ్యలు తింటె పానం గట్టిగైతుంది గని కడుపు నిండది. గడ్డలు తింటె కడుపు నిండుతది గని పొద్దుగాల డ్యూటీల మళ్ల ఆకలి. రెండు కలిస్తె ఇగ ఏం ఫికర్ లేదు."

ముందు నవ్వింది పక్కింటి అక్క. కాన్పు తర్వాత ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి. ఆ నవ్వుకు ఒళ్ళోని బిడ్డ ఊగి, ఉలిక్కిపడి లేచాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, అక్క మెల్లగా అంది: "పిన్నీ, అత్తా, నాకు ఆకలేస్తోంది."

ఆ మాటతో వాదన ముగిసింది. ఇచ్చిన మాటల నుంచి ఈమెను విడిపించండి అని పెద్దయ్య అడిగే లోపలే ఇద్దరూ వంటింట్లో ఉన్నారు. రొయ్యను పురుగన్న కడప అత్త, ఇగురులోంచి రొయ్యలు ఏరి, తోకలు తీసి పళ్ళెంలో పెట్టింది. వాతమన్న గోదావరి పిన్ని వేడి గెనుసుగడ్డను వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ తొక్క తీసింది. ఒకరు కలిపారు, ఒకరు ముద్ద నోటికి అందించారు. ఆ రోజు పెద్దయ్య భోజన ప్రార్థన ఎంత చిన్నదంటే, నేను కళ్ళు మూసేలోపే ఆమెన్ వచ్చేసింది.

తర్వాత, చాపలు చుడుతున్నప్పుడు పెద్దయ్యను అడిగాను, అంతమంది ఉండగా ఒకే రూమ్ వాళ్ళను ఎందుకు ఎంచారని. ఆయన చాప చంకలో పెట్టుకుని, "ఒకే రూమ్ వాళ్ళు కాబట్టేనమ్మా" అన్నారు. ఇంకో చాప అందుకుంటూ, "ఏ కూర గెలిచినా ఓడిపోయేది బాలింతే కదా" అన్నారు.

కొద్ది రోజులకు గోడ అవతల బిడ్డ ఏడుపు తగ్గింది. అమ్మ గరిట మళ్ళీ కదిలింది.

ఇప్పుడు అదే దేశంలో మబేలా అనే ఊళ్ళో నా కూతురి దగ్గర ఉంటున్నాను. మా వీధిలో ఎవరు బాలింత అయినా రొయ్యలూ చిలగడదుంపలూ కలిపి వండి పట్టుకెళతాను, ముందు ఆమెకు ఏది పడుతుందో అడిగి మరీ. వాక్యం పట్టుకుని నేనూ గట్టిగా వాదిస్తాను, కావాలంటే నా వాళ్ళు చెబుతారు. కానీ వాదిస్తూ వాదిస్తూ ఒక్కసారి గోడవారకు చూడడం ఆ రోజు అలవాటైంది. అక్కడ ఎవరైనా ఆకలితో కూర్చున్నారేమోనని.

చదువుతున్న మీరూ నాతో కలిసి కళ్ళు మూయండి. తల్లికి దూరంగా పురుడు పోసుకున్న ప్రతి ఆడబిడ్డ కోసం, రూమ్‌లో తాంబాలం చుట్టూ కూర్చున్న ప్రతి అన్న కోసం, ప్రేమ ఎక్కువై పోట్లాడుకునే ప్రతి పిన్నీ అత్తా కోసం ప్రార్థిద్దాం. ప్రభువా, మా అందరినీ ఒకే పళ్ళెం దగ్గర కూర్చోబెట్టు. అన్నం చల్లారకముందే, ఆమెన్.