చేదుకట్టు నలుపు

మొన్న మా ఇంటికి సున్నాలు, రంగులు వేయడానికి వచ్చిన పెయింటర్, గేటు పక్క గోడ మీద ఇంటి నంబరు రాయడానికి, చిన్న సీసాలోంచి నల్లరంగు రెండు చుక్కలు డబ్బాలోకి పిండి, పుల్లతో ఇట్టే తిప్పాడు. రంగంతా ఒక్క పలుకు లేకుండా నున్నగా కలిసిపోయింది. నేను ఆ సీసా మూత తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. ఎందుకో ఒళ్లు మండింది. నాకు తెలిసిన నలుపు కంపు కొట్టేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మేం నంద్యాలలో ఉండేవాళ్లం. నాయన కొట్ల గోడల మీద పేర్లు, క్రిస్మస్ ముందు మా చర్చి గోడల మీద వాక్యాలు రాసేవాడు. ఆ రాతకు నలుపు తయారు చేసేది మాత్రం అమ్మా నేనూ. ఆముదం దీపాల మీద కుండలు బోర్లించి, లోపల పట్టిన మసిని కోడి ఈకతో రాల్చేవాళ్లం. ఆ మసి ఉందే, మహా మొండిది. నీళ్లలో పోస్తే తడవదు, మునగదు, పైనే పొడిపొడిగా తేలుతూ, ఊదితే ముఖానికి వచ్చి కొడుతుంది. దాన్ని లొంగదీయడానికి అమ్మకు తెలిసింది ఒక్కటే, చేదుకట్టు. మేకను కోసినప్పుడు కార్జానికి అంటుకుని ఉండే పచ్చటి తిత్తి అది. దాన్ని చిదిపి ఆ రసం నాలుగు చుక్కలు వేస్తే చాలు, మసి నోరు మూసుకుని నీళ్లలోకి దిగేది.

కానీ చుక్కలు వేసి ఊరుకుంటే సరిపోదు. ఆళ్లగడ్డ నుంచి నాయన తెచ్చిన నున్నటి రాతిపలక మీద మసినీ, చేదుకట్టు రసాన్నీ, తోలుముక్కలు ఉడకబెట్టి తీసిన బంకనూ వేసి, మణికట్లు పీక్కుపోయేదాకా అరచేత్తో మర్దించాలి. ఆ పని మీద ఉన్నంతసేపూ మా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. నోరు తెరిస్తే మసి లోపలికి పోయి గొంతంతా చేదెక్కేది. చివర్లో అమ్మ దానిలోంచి చిటికెడు నీళ్లలో కలిపి పాత పంచె పీలిక మీద చుక్క వేసేది. చుక్క చుట్టూ వట్టి నీటిమరక కనిపించిందా, మసి ఇంకా కలవనట్టే, నా మణికట్టుకు మళ్లీ పనే. నలుపు అంచుదాకా పాకితేనే లేవనిచ్చేది.

ఉడుకుతున్న తోలు కంపు, కుండలో మురిగిన చేదుకట్టు కంపు నా జడలోకి, పరికిణీలోకి, చివరికి బైబిలు అట్టలోకి కూడా ఎక్కేవి. ఎండాకాలం బనగానపల్లె మామిడిపండ్లు వచ్చేవి, అందరూ మోచేతులదాకా రసం కార్చుకుంటూ తినేవాళ్లు. నేను మాత్రం టెంక చీకినప్పుడల్లా ముందు నా వేళ్ల చేదే తగిలి డోకు వచ్చేది. క్రిస్మస్ కజ్జికాయలదీ అదే గతి. బడిలో అచ్చనగండ్లు ఆడేటప్పుడు, "నీ గండ్లు నువ్వే తెచ్చుకోమ్మే, మావి ముట్టగాకు" అనేవాళ్లు పిల్లలు. వాళ్లను తప్పుపట్టలేను, నా చేతులంటే నాకే అసహ్యం.

ఒక శ్రావణంలో ఆళ్లగడ్డ దగ్గర పెద్ద రైతుల ఇంట్లో పెండ్లికి, ముందుగోడంతా స్వాగతాలూ పేర్లూ రాసే పని నాయనకు వచ్చింది. బయల్దేరే ముందు నాయన నా తల నిమిరి, "ఈ పని బాగా జరిగితే ఇంగ నువ్వు చేదుకట్టు ముట్టే పని లేదులే పాపా. కర్నూల్లో డబ్బారంగు దొరుకుతాదంట, తెస్తా" అన్నాడు. ఆ మాట పట్టుకునే అమ్మానాయనలతో నేనూ బస్సు ఎక్కాను. దారంతా నా వేళ్లను సబ్బుతో తోముకున్నట్టు ఊహించుకుంటూ కూర్చున్నాను.

గోడ సగం రాసేసరికి ఇంటి పెద్దామె ముక్కు మూసుకుని వచ్చింది.

"ఏందప్పా ఈ కంపు? గోడకు ఏం పూస్తాండావ్?"

నాయనకు అబద్ధం చెప్పడం రాదు. "చేదుకట్టు, తోలుబంకమ్మా. అవి ఉంటేనే మసి నీళ్లలో కలుస్తాది, వానకు నిలుస్తాది."

"పెండ్లింటి గోడకు పేగులు పూస్తావా? తుడిచెయ్ బేగా. కుంకుడురసమో ఏందో ఏసి రాయి."

రాసిందంతా సున్నంతో కప్పి, మసిని కుంకుడురసంలో కలిపి, తుమ్మబంక వేసి నాయన మళ్లీ రాశాడు. అక్షరాలు చూడడానికి బాగానే ఉన్నాయి. తుమ్మబంక వానకు ఆగదని ఆయనకు తెలుసు. ఆకాశం వైపే చూస్తూ ఉన్నాడు. ఆ సాయంత్రమే వాన దంచింది. తెల్లారేసరికి పెండ్లికొడుకు పేరు, పెండ్లికూతురు పేరు ఒకదాంట్లోకి ఒకటి కారి, తెల్లగోడ పొడుగునా నల్లటి చారలు దిగి ఉన్నాయి.

"ఇంటికి మసి పూసి పోతాండారు. మీ చేతులే అంత, ఏం ముట్టుకున్నా గబ్బే" అంది పెద్దామె, చుట్టాలందరి ముందూ. నాయన కుంచెలు కడుక్కుంటూ తల ఎత్తలేదు. అప్పుడే ఇంటి వెనక చుట్టాల కోసం మేకలు తెగుతున్నాయి. వంటింట్లోంచి కార్జం వేపుడు వాసన గుమ్మంటోంది. గోడకు పనికిరాని మేక వీళ్ల నోటికి ఎట్లా పనికొస్తుందో నాకు అర్థం కాలేదు. నా వేళ్ల మీద ఇన్నేళ్లూ పడ్డ అసహ్యమంతా ఆ ఒక్క నిమిషంలో ఆ ఇంటి మీదికి తిరిగింది.

కోసేవాళ్లు చేదుకట్లను పేడకుప్ప మీదికి విసురుతుంటే, అమ్మ రంగుకుండ పట్టుకుని అక్కడికి పోయి, "అన్నా, అవి పారేయగాకు. ఈడ ఎయ్యి" అంది.

డబ్బారంగు రాదని నాకు అప్పుడే తెలిసిపోయింది. నంద్యాల దాకా ఆ కుండ నా ఒళ్లోనే ఉంది. రోడ్డు గతుకులకు మూతగుడ్డలోంచి పచ్చటి రసం నా పరికిణీ మీదికి చిందుతుంటే, పక్క సీట్లలోవాళ్లు లేచి దూరం పోయారు.

అమ్మా నాయనా పోయారు. ఆ రాతిపలక ఎవరింట్లో పచ్చడి నూరుతోందో తెలియదు. చేదుకట్టు నలుపు పేరు చెబితే ఈ పెయింటర్ నమ్మలేదు, నవ్వాడు.

అతను పోయాక పెద్ద వాన కురిసింది. వెలిశాక బయటికి పోయి నంబరు మీద అరచేయి పెట్టి గట్టిగా రుద్దాను. చేతికి ఏమీ అంటలేదు. సంతోషించాల్సింది పోయి, కడిగిన కుంచె చేతిలో పట్టుకుని తల ఎత్తని మా నాయన గుర్తొచ్చాడు. ఆ పెద్దామె ఇప్పుడు ఎదురుగా ఉన్నట్టే, గేటు పక్కన తుపుక్కున ఉమ్మేసి లోపలికి వచ్చాను.