పదకొండు మందిని కాపాడిన నేను

సిద్దిపేటలో ఒక దవాఖానలోని ఆడవాళ్ల మానసిక వార్డులో, ఒకే ఉదయం పదకొండు మందిని పడకుండా కాపాడి పన్నెండో మనిషిని నేలకేసి కొట్టిన ఘనత నాది. ఆ పన్నెండో మనిషి పేరు చెప్పడానికి నాకింకా సిగ్గే.

అప్పటికి నేను నర్సుగా చేరి ఐదు నెలలు. ఆరు నెలలు నిండితే ఉద్యోగం ఖాయం. అయితే నా డ్యూటీలో ఒక్క పేషెంటు పడినా ఆ మాట మరిచిపొమ్మని మా హెడ్ నర్సు సుగుణ సిస్టర్ ముందే చెప్పేసింది. ఆ వార్డు మందులకు మత్తుగా ఉంటుంది, చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని ఒక్కొక్కరికీ ఫారం నింపి, పడే ప్రమాదానికి మార్కులు వేసి, ఎక్కువ వచ్చినవాళ్ల చేతికి పసుపు పట్టీ వేయాలి. ఆ పనికి రెండు రోజుల ట్రైనింగ్ ముగించుకుని వచ్చాను కదా, భూమ్యాకర్షణను నేనే కనిపెట్టినట్టు తిరిగేదాన్ని.

ఆ రోజు తనిఖీకి పెద్ద డాక్టరు వస్తున్నాడు. మా ఇంట్లో చెప్పులతో గడప దాటితే అమ్మ ఊరుకోదు. అదే చట్టం వార్డులోనూ పెట్టాను. బండలు తళతళా తుడిపించి, వార్డులో ఉన్న పదకొండు మంది చెప్పులూ బయట వరసగా విడిపించాను. నా బూట్లు కూడా విప్పేసి సాక్సులతో నిలబడ్డాను. ఫారంలో జారని చెప్పులు వేసుకున్నారా అని ఒక ప్రశ్న ఉంది. దాన్ని మాత్రం హాయిగా దాటేశాను.

దాదాపు కోలుకున్న చింతమడక మల్లవ్వ నన్ను పిలిచింది.

“బిడ్డా, బండ తడిగున్నది. చెప్పులుంటె జర పట్టుంటది గద.”

“అమ్మా, నాకు ట్రైనింగ్ అయింది,” అని ఆమెకు పసుపు పట్టీ చుట్టాను.

ఆమె ముఖం చిన్నబోయింది. “నలభై ఏండ్లు బురదల నాట్లేసిన. ఒక్కనాడు పడలే. నన్ను పడేటోళ్లల్ల రాస్తివా?”

రాశాను. పాపం అనిపించింది, అయినా రాశాను.

పెద్ద డాక్టరు వచ్చి, వీళ్లకు లేవడం ఎలా నేర్పుతున్నారని అడిగాడు. మంచం అంచున కూర్చున్నాను. కాసేపు ఆగాలన్నాను. మెల్లగా లేవాలన్నాను. అని, ఫారాలు చూపించే ఉత్సాహంలో ఎగిరి లేచాను. సబ్బుబిళ్లలా జారి నడుము దాకా పక్క మంచం కిందికి వెళ్లిపోయాను. ఫారాలు మాత్రం నాకంటే ముందే డాక్టరుగారి పాదాల దగ్గరికి చేరాయి.

ఎవరూ నవ్వలేదు, అదే నాకు ఏడుపు తెప్పించింది. అందరికంటే ముందు వచ్చి నన్ను లేపింది మల్లవ్వే.

“సిస్టర్, నా ఉద్యోగం?” అన్నాను.

“పేషెంట్లెవ్వరు పడలే. ఉద్యోగానికేం గాదు,” అంది సుగుణ సిస్టర్. “గని పడ్డ మనిషికి ఫారం నింపాలె.”

నన్ను మంచం మీద కూర్చోబెట్టి మొదలుపెట్టింది. ఈ మధ్య పడ్డారా? సాక్షి పెద్ద డాక్టరే. మత్తు మందులు? నొప్పికి ఇప్పుడే సూది వేశారు. నడక? కుంటుతోంది. అక్కడికే నా మార్కులు మల్లవ్వను దాటేశాయి. ఇక ఆఖరి ప్రశ్న.

“తన శక్తి ఎంతనో తనకు ఎరుకేనా?”

నేను నోరు తెరిచేలోపే పదకొండు గొంతులు ఒక్కసారిగా అన్నాయి.

“ఎరుక లేదు.”

సిస్టర్ అదే రాసుకుంది.

ఆ క్షణమే, చేతులు రెండూ నడుము మీదే ఉన్నా, మనసులో చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మనిషి మాట పూర్తిగా వినకుండా ఫారం మీద కలం పెట్టను. పెట్టినా, కూర్చునే పెడతాను.