కార్తీకం వెళ్ళాక మొదటి ఆదివారం

నేను చదివింది ఐదో తరగతి. ఇంతవరకూ ఏమీ రాయలేదు. అందుకే ముందు నాకు తెలిసిన మా పని గురించే చెబుతాను. ఏలూరులో ముగ్గురం ఆడవాళ్ళం కలిసి చేపలు శుభ్రం చేసి, ముక్కలు కోసి, ఆటోలో ఇళ్ళకు పంపుతాం. మా వదిన కోస్తుంది. డిగ్రీ చదివిన మా చెల్లి ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుంటుంది. దీన్ని స్టార్టప్ అంటారని చెప్పింది తనే. ఏ పని ముందో, ఏది తర్వాతో చెప్పాల్సింది మాత్రం నేను.

కార్తీకమాసమంతా చాలా ఇళ్ళల్లో చేప వండరు. ఆ నెల వదినకు పని ఉండదు. ఇంకెక్కడైనా పనిలో చేరిపోతుందేమోనని నాకు బెంగ. అందుకే తాడేపల్లిగూడెంలో ఒక హోటలాయన ఏడాది పొడుగునా చేప తీసుకుంటానంటే ప్రాణం లేచొచ్చింది. మాసం వెళ్ళాక మొదటి ఆదివారం నుంచి పంపుతానని ఒప్పుకున్నాను. నెల్లాళ్ళు నోరు కట్టుకున్న ఊరంతా ఆ రోజే చేప కోసం ఎగబడుతుందన్న సంగతి మరిచాను.

ఆ పొద్దున ఆకివీడు నుంచి శీలావతి చేపలు దిగాయి. చెల్లి ఫోన్ మోగుతూనే ఉంది.

"ఇంకెన్ని ఒప్పుకుంటావే తల్లీ? నాకున్నవి రెండు చేతులే," అంది వదిన.

"నెలంతా ఖాళీ అని సణిగింది ఎవరు వదినా?" అంది చెల్లి.

నేను హోటలాయనకు ఫోన్ చేశాను. "ఏవండీ, ఇవాళ్టికి కోయకుండా పంపనా అండీ? మీ వంటవాళ్ళు కోసుకుంటారా?"

"కోయనిదానికి మీరెందుకండీ? ఆకివీడు లారీవాడే దింపుతాడు. పదింటికల్లా ముక్కలు రావాలి. లేదంటే వదిలేయండి."

వదిన కత్తిపీట మీద చెయ్యి ఆపి నా వైపు చూసింది. ఆ హోటలు కావాలనుకున్నదే తన కోసం. కానీ ఇళ్ళవాళ్ళు మసాలా నూరుకుని కూర్చున్నారు. హడావిడిగా కోస్తే పొలుసు మిగులుతుంది. పులుసులో పొలుసు తగిలిన ఇల్లు మళ్ళీ మమ్మల్ని పిలవదు.

"అయితే వదిలేస్తానండి," అన్నాను.

"పెద్ద గిరాకీ పోగొట్టావక్కా," అని చెల్లి మూతి ముడిచింది.

"ముందు ఆ ఫోన్ ఆపి రెండో కత్తిపీట తియ్యి," అని నేనూ కోతకు కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ఆఖరి ఇంటికి చేప చేరింది. వదిన చేతులు కడుక్కుంటూ, "మరి వచ్చే కార్తీకానికి నన్నేం చేస్తావమ్మా?" అంది.

"ఇంకో హోటలు చూస్తాను. ఆదివారం పూట ఇవ్వలేనని ముందే చెప్తాను."

"మాట్లాడ్డానికి నేనూ వస్తాను. నువ్వు మరీ మెత్తగా అడుగుతున్నావు."

సోమవారం ఇంకో హోటలు వెతకడానికి ఇద్దరం తాడేపల్లిగూడెం బస్సెక్కాం.