మా ల్యాబ్ గోడ గడియారం

బాగా నడుస్తున్న గడియారాన్ని కష్టపడి చెడగొట్టి, బాగుచేశానని నలుగురికీ టీ ఇప్పించిన మనిషిని ఎక్కడైనా చూశారా? ఇప్పుడు చూడండి, మీ ఎదురుగానే ఉన్నాను.

రేణిగుంట దగ్గర మా కంపెనీలో చిన్న కంప్యూటర్ బోర్డులు తయారవుతాయి. బోర్డు మీద గడియారం చిప్పు ఒకటి ఉంటుంది. బోర్డు నిద్రపోయినా అది టైము లెక్కపెడుతూనే ఉంటుంది. లేవగానే బోర్డుని నడిపించే కెర్నెల్ అనే ప్రోగ్రాం దాన్ని టైమెంతని అడగాలి. అలా అడిగే డ్రైవర్ కోడ్‌ని మార్చే పని నాకిచ్చారు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. కస్టమర్ ముందు డెమో బాగా జరిగితే ఉద్యోగం పర్మనెంట్, లేకపోతే ఇంటికే.

ల్యాబ్‌లోకి ఫోన్లు రానివ్వరు, నెట్ ఉండదు. టైముకి గోడ గడియారమే దిక్కు. అది పది నిమిషాలు ముందుంటుందని అందరికీ తెలుసు. మన ఇళ్ళల్లోనూ అంతే కదా, ముందు పెట్టుకోవడం, మనసులో తీసేసుకోవడం. నేనూ పది తీసేసే బోర్డులో టైము పెట్టాను, అంత తెలివితక్కువదాన్ని కాదు.

సాయంత్రం బోర్డుని నిద్రపుచ్చి వెళ్ళాను. పొద్దున లేపితే మూడు నిమిషాలు వెనకుంది. సరిచేసి పెట్టాను, మర్నాడూ మూడే. నా కోడ్ తీసేసి పాతది పెట్టాను, అయినా మూడే. బ్యాటరీ మార్చాను, బోర్డే మార్చాను, ఊహూఁ. ఇక ఏడుపొక్కటే తక్కువ. చివరికి నిద్ర లేచిన ప్రతిసారీ మూడు నిమిషాలు కలిపేలా కోడ్ రాసేశాను. పొద్దున చూస్తే సరిగ్గా సరిపోయింది. ఆ టీలు అప్పుడు ఇప్పించినవే.

డెమోలో కస్టమర్ తరఫు ఇంజనీరు బోర్డుని నిద్రపుచ్చి లేపాడు. మళ్ళీ నిద్రపుచ్చాడు, మళ్ళీ లేపాడు. లేపినప్పుడల్లా మూడేసి నిమిషాలు. ఆయన టీ చల్లారేలోపు మా బోర్డు భోజనాల వేళకి చేరిపోయింది.

"ఏందమ్మా ఇది?" అన్నారు మా టీమ్ లీడ్ మునిరత్నం సార్.

"చిప్పు దినామూ మూడు నిమిషాలు పోగొట్టుకుంటా ఉండాది సార్. అందుకే కలిపినాను."

"దేంతో సూసినావు?"

"మన గోడ గడియారంతో సార్."

సార్ నా దగ్గరికొచ్చారు. మెల్లగా అన్నారు. "దాన్ని నేనే జరుపుతా ఉండానమ్మా. పది ముందు పెడితే మీరంతా పది తీసేసుకోని కూసుంటా ఉండారు. సాయంత్రం మీ కోసరం కంపెనీ వ్యాను ఆగుతాదా? అందుకే ఈ వారం నుంచి పొయ్యేటప్పుడు రోజుకో మూణ్ణిమిషాలు..."

ఇంజనీరు పడీ పడీ నవ్వాడు. ఆ మూడు నిమిషాలూ తీసేసి చూపించమన్నాడు. చూపించాను. మొదటి రోజు రాసిన కోడే, అక్షరం మార్చలేదు, చక్కగా పనిచేసింది. ఉద్యోగం నిలబడింది.

తర్వాత చాలాసేపు ఆలోచించాను. అబద్ధమని తెలిసిన గడియారాన్ని నమ్మాను, అది రోజూ ఒకేలాంటి అబద్ధం చెబుతుందని. నా కోడ్‌ని మాత్రం ఒక్కపూటైనా నమ్మలేదు. ప్రొబేషన్ భయం అలాంటిది, ఎక్కడ తేడా వచ్చినా తప్పు మనదే అనిపిస్తుంది.

మాది పుత్తూరు. ఎముక విరిగితే ఎక్కడెక్కడి వాళ్ళో మా ఊరికే వచ్చి కట్టు కట్టించుకుంటారు. విరగని ఎముకకి కట్టు కట్టిన ఘనత మాత్రం మా ఊరు మొత్తానికి నా ఒక్కదానిదే.