పెద్ద పానా, ప్లాస్టిక్ నట్టు

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది: నట్టూ బోల్టూ ఉన్న వస్తువు ఏదైనా నా మాట వినక తప్పదని. మెకానికల్ డిప్లొమా ముగించి, మా జహీరాబాద్‌లోనే ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరిన కొత్త అది. మొదటి జీతంతో అమ్మకు చీర, నాకు మూరెడు పొడవున్న పానా కొన్నాను. (చీర కంటే ముందు పానా చూపించానని అమ్మ ఇప్పటికీ అంటుంది.) లోపం ఎక్కడున్నా కారణాలన్నీ వరుసగా పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలేదే దోషి అని మాకు నేర్పారు. ఆ పద్ధతి మీద నాకెంత గురి అంటే, ఇంట్లో పప్పు మాడినా కారణాలు ఒకటి, రెండు, మూడు అని చెప్పేవాణ్ణి. అమ్మ నాలుగోది కలిపేది: "నువ్వు పక్కన నిలబడి ముచ్చట పెట్టుడు."

మోకాళ్లు అరిగిపోయిన నాయనమ్మను ఝరాసంగం దగ్గరి పల్లె నుంచి బాపు మా ఇంటికి తీసుకొచ్చింది ఆ ఏడే. కింద కూర్చోలేదని ఆమె కోసమే కుర్చీలాంటి కమోడ్, దాని వెనక ఫ్లష్ ట్యాంకు పెట్టించాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ట్యాంకు నిండినా నీళ్లు ఆగకుండా లోపలి గొట్టంలోంచి పొంగి కమోడ్‌లోకి పోవడం మొదలైంది. మధ్యాహ్నానికల్లా మిద్దె మీది ట్యాంకు ఖాళీ. మాకది విసుగు, నాయనమ్మకు మాత్రం గుండెకోత. లోతు బావిలోంచి చేది, బిందె నెత్తిన పెట్టుకుని బతికిన మనిషి ఆమె. నీళ్లు ఊరికే పోతున్న చప్పుడు చెవిన పడితే అన్నం ముద్ద దిగేది కాదు. ఎవరు బాత్రూంలోంచి వచ్చినా, ఆ మోకాళ్లతోనే వెనకాలే వెళ్లి, వంగి, కింది వాల్వు కట్టేసి వచ్చేది. చివరికి ఒక ఆదివారం పొద్దున చీరలు సంచిలో సర్దుకుని కూర్చుంది.

"రేపటి ఆటోల ఊరికి పోత. నా కోసం పెట్టిన కుర్చీ ఊరందరి నీళ్లు తాగుతాంది. ఆ పాపం నాకొద్దు."

"ఆడ నువ్వు కింద కూసోలేవు గదనే," అన్నాడు బాపు.

"పడితె పడ్త. నీళ్ల చప్పుడైతె ఉండదు."

ప్లంబరుకు ఫోన్ చేస్తే బుధవారం వస్తానన్నాడు. నాయనమ్మ ఎన్నడూ మాట మీద వెనక్కి తగ్గిన మనిషి కాదు. పల్లెలో ఆమె ఒక్కతే, పట్టుకోవడానికి గోడ తప్ప మనిషి లేని చోట. అప్పుడు నేను లేచి, పానా భుజాన పెట్టుకుని, "జర ఆగు నాయనమ్మా, సాయంత్రంకల్ల ఆపిస్త," అన్నాను. బాపు నన్నూ, పానానూ మార్చి మార్చి చూశాడు.

మూత తీయగానే దోషి ఎవరో సగం తెలిసిపోయింది. నీళ్లతో పాటు లేచి వాటిని ఆపాల్సిన బంతి పైకి తేలినా నీళ్లు లోపలికి వస్తూనే ఉన్నాయి. అయినా పద్ధతి పద్ధతే. అడుగు రబ్బరు కూడా కారుతుందేమో తేల్చాలంటే కింది వాల్వు కట్టేసి, ట్యాంకులో రంగు కలిపి, కమోడ్‌లోకి దిగుతుందేమో చూడాలి. వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చాను. నాయనమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"పసుపు యాడికి?"

"ట్యాంకుల ఏస్త. పరీక్ష."

"అండ్లనా? గడపకు పూసే పసుపు గండ్ల పోస్తవా? ఇదేనారా నీకు చెప్పిన సదువు?" అని డబ్బా లాక్కుని కొంగు కింద దాచేసుకుంది. చివరికి బట్టల నీలంతో సరిపెట్టుకున్నాను. కమోడ్ తెల్లగానే ఉంది. అడుగు రబ్బరు నిర్దోషి అని ప్రకటించాను. (వినడానికి ఎవరూ లేరు. నాయనమ్మ పసుపు డబ్బా దాచడానికి వెళ్లింది.)

ట్యాంకులోకి నీళ్లు వదిలే వాల్వులో రబ్బరు అరిగిపోయింది. కొత్తది తెచ్చి బిగించాను. ఇక్కడే నా ఉద్యోగం నా కొంప ముంచింది. ఫ్యాక్టరీలో మా చేతులకు పడే మొదటి అలవాటు, బోల్టు ఇక తిరగనని మొండికేసేదాకా వదలకపోవడం. ట్యాంకు కింది నట్టును అలాగే, నా మూరెడు పానాతో, ట్రాక్టరు చక్రానికి బిగించినట్టు బిగించాను. అది ప్లాస్టిక్ అన్న సంగతి నా కళ్లకు తెలుసు, చేతులకు తెలియదు. నీళ్లు వదులుదామని కింది వాల్వు తిప్పగానే నట్టు టక్కుమని పగిలింది. నీళ్లు నా మొహానికి, గోడకు, అక్కడి నుంచి బాపు లుంగీకి కొట్టాయి. వాల్వు కట్టేద్దామని తిప్పితే, నాయనమ్మ తిప్పి తిప్పి అరగదీసిన పిడి ఊడి నా చేతిలోకి వచ్చింది. నేను మిద్దె మీదికి పరుగెత్తి అక్కడి గేట్ వాల్వు కట్టి కిందికి వచ్చేసరికి, నాయనమ్మ గోడ పట్టుకుని నిలబడి బకెట్లూ గిన్నెలూ పైపులో మిగిలిన ధార కింద పెట్టిస్తోంది.

"ఆ టబ్బు గూడ పెట్టున్రి. బట్టలకన్న అక్కరకొస్తయ్."

బాపు లుంగీ పిండుకుంటూ, "ట్రాక్టర్లు గూడ గిట్లనే బిగిస్తున్నవారా?" అన్నాడు.

ఆ మాటకే నా బుర్ర వెలిగింది. పగిలిన నట్టు చేతిలో పెట్టుకుని చూశాను. ఫ్యాక్టరీలో ఒక్కో బోల్టుకు ఒక్కో బిగింపు అని గోడ మీద రాసి ఉంటుంది, అది నేను రోజూ చదువుతాను. మరి ఈ నట్టు బిగింపు ఎంత? ఇనుముకైతే పానా. దీనికి వేళ్లే చాలు. కొత్త నట్టు, పిడి ఊడిన వాల్వుకు బదులు కొత్తది తెచ్చి, పానాను వరండాలోనే వదిలేసి, రెండు వేళ్లతో బిగించాను. చెయ్యి ఇంకొంచెం, ఇంకొంచెం అని అడిగింది. ఇవ్వలేదు. గొట్టం మూతికి వేలెడు కిందే నీళ్లు ఆగేలా బంతి కాడను సరిచేశాను.

ట్యాంకు నిండింది. చప్పుడు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. నాయనమ్మ గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడింది.

"ఆగిందా, పాడైందా?"

"ఆగింది నాయనమ్మా."

నమ్మలేదు. తానే మీట నొక్కింది, నీళ్లు పోయాయి, నిండాయి, ఆగాయి. మళ్లీ నొక్కబోతే, "నీళ్లు దండుగ గాదానే?" అన్నాను. ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. సాయంత్రానికి సంచిలోని చీరలు దండెం మీదికి చేరాయి. మర్నాడు పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను: "మా మనుమడు ట్రాక్టర్లు చేస్తడట, నేనైతె సూడలే. నీళ్లు ఆపిండు, అది సూసిన. మీ నల్లా గూడ సూపియ్యి, ఏం ఫికర్ లేదు."

ఇప్పుడు ఫ్యాక్టరీ లైనులో కొత్తగా చేరిన కుర్రాళ్లకు బిగింపు నేర్పేది నేనే. పెద్దల మెప్పు కూడా అప్పుడప్పుడు దొరుకుతుంది. కానీ ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా, భోజనం దగ్గరికంటే ముందు నా చెవి బాత్రూం వైపు పోతుంది. ఎక్కడైనా నీళ్లు ఆగకుండా పోతుంటే వెళ్లి మూత తీసి చూడకుండా ఉండలేను. అలాంటప్పుడల్లా పానా భుజాన వేసుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి పానాను చూస్తే నవ్వొస్తుంది. వాడి మాటను తలచుకుంటే మాత్రం గర్వంగానే ఉంటుంది: సాయంత్రంకల్లా ఆపిస్తానన్నాడు, ఆపాడు. నీళ్లనూ, నాయనమ్మనూ.